పచ్చలైటు కొట్టుకుంటూనే ఉంది

పోయిన వారం మనం అమల చేతికి స్క్రూడ్రైవరిచ్చి, తిరుపతి కొర్లగుంటలో గిరి సెల్‌ఫోన్ రిపేరు షాపు పైగదిలో కూర్చోబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల అప్పట్నుంచీ ఆ పెట్టె మూత ముందరే కూర్చుని ఉంది. కథలోకి నడిమధ్యన అడుగుపెట్టినవాళ్ళు కంగారు పడొద్దు, నాలుగు ముక్కలు చెప్పేసి మూత తెరుద్దాం.

అమలవాళ్ళది బంగారుపాళ్యం దాటాక అడివంచు పల్లె. వాళ్ళ నాయన చెంగయ్య పొలం గట్టు మీదుగానే ఏనుగులు దిగుతాయి. వరి పాలు పోసుకునే వేళ చూసుకుని మరీ దిగి, ఒక్క రాత్రిలో పంటంతా నమిలేసి పోతాయి. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని చేస్తూ, సెలవు దొరికిన ఆదివారమల్లా గిరి గదికి వచ్చి బోర్డులతో వైర్లతో కుస్తీ పట్టే అమల, తన జట్టుతో కలిసి దీనికో ఉపాయం చేసింది. గట్టున మోకాలెత్తున ఒక తీగ కట్టారు. ఏనుగు కాలు తగిలి తీగ లాగిందంటే, స్తంభానికున్న పెట్టె పల్లెలో ప్రతి ఇంటికీ ఫోను చేస్తుంది. పెట్టె మీద పచ్చలైటు సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉంటే అంతా బాగున్నట్టు లెక్క. అలాంటిదే ఇంకో పెట్టెను చిత్తూరు ప్రదర్శనలో పెడితే మొదటి బహుమతి వచ్చింది. బహుమతి వచ్చిన ఆ శనివారం రాత్రే ఒంటి ఏనుగొకటి చెంగయ్యను పొలంలో తొక్కేసింది. స్తంభం మీద పచ్చలైటు కొట్టుకుంటూనే ఉంది. ఫోను ఒక్క ఇంటికీ రాలేదు.

కూతురు చేసిన పెట్టె తండ్రిని మింగిందని పల్లె తీర్పు చెప్పేసింది. అమల అన్న విజయ్ కుమార్‌కు మాత్రం ఆ తీర్పు సరిపోలేదు. ప్రదర్శనకు ముందురోజు ఎవడో కుర్రాడు బైకు మీద వచ్చి పొలంలోని పెట్టె తెరవడం పక్కపొలం వరదమ్మ దూరం నుంచి చూసింది. వాడు దొరికితే ఏ చేత్తో తెరిచాడో ఆ చెయ్యి విరిచేస్తానని విజయ్ కుమార్ నాయన కోసం పెట్టిన ఆదరణ కూడికలో, పాస్టరు పక్కనుండగానే అన్నాడు. అతను చిత్తూరు మామిడి మండీలో లారీలకు లోడెత్తే మనిషి. అనడానికి అనే రకం కాదు.

ఇక మూత సంగతి.

నాలుగు స్క్రూలూ తీసి అమల బల్ల మీద వరసగా పేర్చింది. కింద వీధిలో జీపుల వాళ్ళు కాణిపాకం, కాణిపాకం అని నున్నటి గుండ్ల మీద సూర్యుణ్ణి మోసుకొస్తున్న యాత్రికులను పిలుస్తున్నారు. గిరి కాఫీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె అది ఎత్తి గడగడా తాగేసింది. పొగలు కక్కే కాఫీ అది. గిరి అయ్యయ్యో అనబోయి ఆగిపోయాడు.

ఈ పిల్ల ఇట్లాగే అయిపోయింది చూడండి. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ మనదే గాని మనది కానట్టు ఉంటుందే, నాయన పోయినప్పట్నుంచీ అమల మనిషి మొత్తం అలా ఉంది. ఏడ్చెయ్యి తల్లీ, గుండె తేలికవుతుంది అని ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి కౌగిలించుకుని పోయారు. వాళ్ళే ఏడ్చారు. ఈమె వాళ్ళ కొంగుల మీద చీమ పాకితే దులిపింది. కూడిక అయిన మరునాడే ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఈ నెల ఆమె చేతి మీదుగా పోయిన పీసు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని సూపర్‌వైజరు అందరి ముందూ మెచ్చుకుంటే, థాంక్యూ సార్ అంది. ఆమెకు అవమానం లేదు, కోపం లేదు, ఆకలి వేళకు తినాలన్న జ్ఞాపకం మాత్రం ఉంది. మొన్న సెలవుకు ఇంటికి పోయినప్పుడు మంచం కింద తువ్వాలులో చుట్టిపెట్టిన పొలం పెట్టెను చూసి, ఎక్కడ తప్పు పోయిందో తెలుసుకుందామని బ్యాగులో వేసుకుని వచ్చింది.

మూత ఎత్తింది. లోపల చూసింది. గిరి కూడా వంగి చూశాడు.

పెట్టెలో ఉండాల్సిన బోర్డు లేదు.

తాము పెట్టింది సిమ్ కార్డు దూర్చే అర, పొట్టి ఏంటెన్నా ఉన్న బోర్డు. ఇప్పుడున్నది నీలం రంగు చిన్న బోర్డు, ఈ విద్య కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ మొట్టమొదట కొనుక్కునేది. దానికి ఫోను చేసే యోగ్యతే లేదు. ఏనుగు కాదు గదా, ఏనుగుల మంద వచ్చి తీగను పీకి మెడలో వేసుకున్నా అది ఒక్కరికి కూడా కబురు చెప్పలేదు. దాని బుర్రలో ఏముందో అమలకు చూడకుండానే అర్థమైంది. బ్లింక్. ఈ విద్యలో ఓనమాలు అదే. లైటు వెలిగించు, కాసేపు ఆగు, ఆర్పు, కాసేపు ఆగు, మళ్ళీ మొదటికి రా. కొత్త బోర్డు చేతికి రాగానే బతికే ఉందా అని తెలుసుకోవడానికి ఎవరైనా ముందు ఎక్కించేది ఆ ప్రోగ్రామునే.

పెట్టె మీది పచ్చలైటును ఆ ఓనమాల ప్రోగ్రాము వెలిగించే పిన్నుకే కలిపింది ఎవరనుకున్నారు? అమలే. అప్పుడు తొందర. ఈ గది పద్ధతే తొందర. శనివారం ఆలోచన వస్తే ఆదివారం సాయంత్రానికి బల్ల మీద ఏదో ఒకటి కదలాలి, మోగాలి, లేదా వెలగాలి. బాగా చెయ్యడం తర్వాత, ముందు చెయ్యి. మొదటి పెట్టె మిఠాయి డబ్బాలో చేశారు, వరదమ్మ ఎనుము తోక విసిరినా మోగింది. రెండోది గాలికి మోగింది. మూడోది నిలబడింది. ఆ హడావుడిలో పచ్చలైటుకు సులువుగా అందిన పిన్ను అది. లైటు వెలుగుతోందంటే పెట్టెకు ప్రాణం ఉందని అర్థమే గాని, పని చేస్తోందని కాదు. ఆ తేడా ఈ గదిలో ఒక్కరికీ తట్టలేదు. పల్లెలో వాళ్ళకు ఎలా తడుతుంది?

బోర్డు మూలన ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది. ఎవరి బోర్డు ఎవరిదో కలిసిపోకుండా జట్టులో చిన్నది రూపశ్రీ తలా ఒక రంగు చుక్క పెట్టింది. ఆకుపచ్చ అమలది. ఎరుపు మునిప్రసాద్‌ది.

మునిప్రసాద్ ఆ గదిలోనే ఉన్నాడు. పొద్దున్నుంచీ కిటికీ పక్క స్టూలు మీదే. జట్టులో ప్రోగ్రాములు రాసేవాడు అతనే. అమలకు ఈ విద్యలో బ్లింక్ నేర్పింది కూడా అతనే.

“ఇది నీదే గదా, మునీ,” అంది అమల.

“నాదే.”

గిరి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మునిప్రసాద్ తల ఎత్తకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడ్డది ఒక్కసారిగా జారినట్టు, ఆగకుండా చెప్పాడు.

ఆ శుక్రవారం పొద్దున ప్రదర్శన పెట్టెకు చివరి పరీక్ష చేస్తుంటే రూపశ్రీ బ్యాటరీ వైర్లు తిరగేసి తగిలించింది. సన్నగా పొగ లేచింది. ఈ పని చేసేవాళ్ళకు ఆ పొగ వాసన తగిలితే చాలు, ఇక డాక్టరు అక్కర్లేదు. సిమ్ బోర్డు పోయింది. అలాంటిది తిరుపతిలో దొరకదు, చెన్నై నుంచి రావాలి. తెల్లారితే ప్రదర్శన. అమలకు చెబుదామంటే ఆమె డ్యూటీలో ఉంది, ఫోను ఫ్యాక్టరీ గేటు దగ్గరి లాకరులో ఉంది. రూపశ్రీ ఏడుపు. ఆ అమ్మాయిని ఊరుకోబెట్టి, తను చూసుకుంటానని బైకు తీశాడు. పొలంలో ఉన్న బోర్డు సరిగ్గా అలాంటిదే. అది తెచ్చి ప్రదర్శన పెట్టెలో పెట్టి, శనివారం సాయంత్రానికి మళ్ళీ స్తంభం మీదికి చేర్చెయ్యాలి. అదీ అతని ఆలోచన. ఒక పెట్టెలోది పీకి ఇంకో పెట్టెలో పెట్టడం ఈ గదిలో రోజూ జరిగేదే. ఆ గదికి అలవాటైన చేతులతోనే అతను పొలానికి కూడా పోయాడు.

“నాకు చెన్నై నుంచి బోర్డొచ్చిందని చెప్పినావే రా,” అన్నాడు గిరి.

“పొలంలో ఎవురుండినారు?” అని అడిగింది అమల.

“మీ నాయనొక్కడే ఉండినాడు.”

“ఆయనకు తెల్సా?”

మునిప్రసాద్ మొదటిసారి తల ఎత్తాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. అమలకు వేయలేదు. జవాబు కోసం కూర్చుంది, బస్సు కోసం కూర్చున్నట్టు.

“చెప్పినా అమలా. ఇది తీస్తే పెట్టె మోగదని రెండు మాట్లు చెప్పినా. ఆయన నవ్వినాడు. పెట్టె రాకముందు మేము యాడుండినాం, ఈడనే గదా బతికినాం, అన్నాడు. ఒక రేత్రో రెండు రేత్రులో మంచె మీద పండుకుంటా, ఏనుగొస్తే డబ్బా కొట్టి తోలుకుంటా, నువ్వు తీసుకొని పో అన్నాడు. పాప గెలవాల అన్నాడు.”

గిరి కుర్చీలో కూలబడ్డాడు.

“మరి ఈ బోర్డు?”

“అది ఆయనే పెట్టమన్నాడు. నేను బైకెక్కినాక మళ్ళా పిలిచినాడు. పాప రోజూ ఫోన్ చేసి లైటు కొట్టుకుంటా ఉండాదా నాయనా అని అడుగుతాది, లేదంటే పనొదిలేసి పరిగెత్తుకుంటా వచ్చేస్తాది. ఉండాదని అబద్ధం చెప్పేది నావల్ల కాదప్పా, లైటు మటుకు కొట్టుకునేట్టు పెట్టి పో అన్నాడు. నా బ్యాగులో ఇదుండె. పెట్టినా.”

అమలకు ఆ శనివారం సాయంత్రం గుర్తొచ్చింది. చిత్తూరు బస్టాండులో షీల్డును ఒళ్ళో పెట్టుకుని నాయనకు ఫోను చేసింది. గెలిచినామని చెప్పింది. ఆయన ఊరికే నవ్వాడు. లైటు కొట్టుకుంటా ఉండాదా అని అలవాటుగా అడిగింది. కొట్టుకుంటా ఉండాది పాపా, ఇంపుగా ఉండాది, అన్నాడు. చెంగయ్య ఆ మాట అనేటప్పటికి మంచె మీదికి దుప్పటి చేర్చేసి ఉంటాడు. ఆయన ఎదురుగానే లైటు వెలుగుతూ ఉంది. ఆయన కూతురికి అబద్ధం చెప్పలేదు.

ఇంత విన్నాక మీరూ నేనూ అయితే ఆ బోర్డును గోడకేసి కొట్టేవాళ్ళం. అమల మాత్రం నీలం బోర్డును పెట్టెలోంచి తీసి, వైర్లు ఒక్కొక్కటే విడదీసి, ఎర్రచుక్క పైకి కనబడేట్టు బల్ల మీద పెట్టింది. లోపల ఏదో పెద్దది కూలిందని తెలుస్తోంది. చప్పుడు మాత్రం వినబడలేదు.

శనివారమే తెచ్చి ఎందుకు పెట్టలేదని గిరి అడిగాడు. గెలిచిన పెట్టెను ఆదివారం దాకా జనం చూడ్డానికి ఉంచాలని నిర్వాహకులు పట్టుబట్టారట. అమల సంతోషాన్ని చూసి, బోర్డు కావాలని నలుగురిలో నోరు విప్పలేకపోయాడట. ఆదివారం తెల్లారీ తెల్లారకముందే వాచ్‌మన్‌ను బతిమాలి బోర్డు తీసుకుని, జేబులో పెట్టుకుని పల్లెకు పోతే, చెంగయ్య ఇంటి ముందు జనం. బండి దిగకుండానే వెనక్కి తిప్పేశాడు. ఆ బోర్డు ఇప్పటికీ ఆ చొక్కా జేబులోనే ఉంది, ఆ చొక్కా ఉతకలేదు. చెబుదామని అమల హాస్టలు దాకా వచ్చి, గేటు దగ్గర నిలబడి వెనుదిరిగిన ఆదివారాలు కూడా ఉన్నాయి.

“మీ అన్నకు నేనే చెప్తా,” అన్నాడు చివరికి. “ఏం చేస్తే చేసుకోనీ. నాకింక నిద్ర రావాల అమలా.”

అమల ఆలోచించింది. మొద్దుబారిన మనసుకు ఒక్క సుఖముంది, లెక్క సరిగ్గా వేస్తుంది. మునిప్రసాద్ చెబితే అన్న వాడి చెయ్యి విరుస్తాడు, జైలుకు పోతాడు. అది ఒకటి. వాడు సగం చెప్పి ఊరుకోడు, నాయన ఇష్టపడి ఇచ్చాడని కూడా చెబుతాడు. ఎందుకిచ్చాడంటే పాప గెలవాలని. ఆ మాట అమ్మ చెవిన పడుతుంది. మొగుణ్ణి తొక్కింది ఏనుగు అనుకుని ఎలాగో అన్నం ముద్ద మింగుతున్న ఆనందమ్మ, బిడ్డ షీల్డు కోసం పోయాడని తెలిస్తే బిడ్డ ముఖం ఎలా చూస్తుంది? పల్లె ఏమన్నా అనుకోనీ. అమ్మకు ఇది తెలియకూడదు. నెల రోజుల్లో అమలకు ఏదైనా కావాలనిపించడం ఇదే మొదలు.

“ఎవురికీ ఏమీ చెప్పొద్దు,” అంది.

మునిప్రసాద్ ఏదో అనబోయాడు. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. బరువులు మోసేవాడి అడుగులు వేరేగా ఉంటాయి, ప్రతి మెట్టూ వాడికి సమాధానం చెప్పుకుంటుంది. అమలకు తల తిప్పి చూడాల్సిన పని లేకపోయింది.

విజయ్ కుమార్ గడపలో నిలబడ్డాడు. మండీ దుమ్ము చొక్కా మార్చకుండానే చిత్తూరులో బస్సెక్కినట్టున్నాడు. మంచం కింద పెట్టె కనబడకపోయేసరికి చెల్లెలే తెచ్చి ఉంటుందని, తెస్తే ఈ గదికే తెస్తుందని అతనికి తెలుసు. బల్ల మీద విప్పిన పెట్టెను చూశాడు. గిరిని చూశాడు. మునిప్రసాద్ దగ్గర చూపు ఆగింది. వరదమ్మ చెప్పిన ఆనవాళ్ళు, పొడుగు మనిషి, వెనక వైర్ల బ్యాగు, అన్నీ కళ్ళతోనే సరిచూసుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోను తీసి, స్పీకరు నొక్కి ముందుకు పట్టుకున్నాడు.

“అమ్మ లైన్లో ఉండాది,” అన్నాడు. “ఆమె చెవుల్తోనే వినాల. పెట్టె తెరిచిందెవురు?”

గిరి లేచి మధ్యలోకి వచ్చాడు. కూర్చో అబ్బా, కాస్త నీళ్ళు తాగు, అని ఏదో నచ్చజెప్పబోయాడు. విజయ్ కుమార్ ఆయన్ను ఒక చేత్తో, గోనెసంచిని పక్కకు జరిపినట్టు జరిపాడు. మునిప్రసాద్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పారిపోయే మనిషిలా లేడు, ఇన్నాళ్ళకు వచ్చావా అన్నట్టు ఉన్నాడు. నోరు తెరిచాడు.

“నేనేన్నా,” అంది అమల.

విజయ్ కుమార్ ఆమె వైపు తిరిగాడు.

“తెరిచింది ముని. తెరవమన్నది నేను. ఈడ బోర్డు కాలిపోయింది. పొలంలో ఉండేది తీసుకొని రా, రెండు రోజులే గదా అని నేనే పంపినా. వాడు వద్దన్నాడు. నేనే ఇనలా. నాయనకు తెల్దు. ఆయన పెట్టె మోగుతాదనే అనుకున్నాడు.”

తండ్రికి చేతకాని పని కూతురికి ఇంత సులువుగా ఎలా వచ్చిందో! మాట తడబడలేదు, ఒక్కొక్క అబద్ధం దాని చోట్లో అది కుదురుగా కూర్చుంది. నీ చెల్లెలు అబద్ధమాడుతోంది అని మునిప్రసాద్ అంటున్నాడు, అతని మాట ఎవరూ వినిపించుకోవడం లేదు. విజయ్ కుమార్ ముఖంలో రక్తం దిగిపోయింది. ఎవడో పరాయివాడి కోసం పెంచి పోషించుకున్న కోపం అది. ఇంట్లో పిల్ల మీదికి దాన్ని తిప్పాలంటే ఎలా తిప్పాలి? చెయ్యి లేచింది. సగంలో ఆగింది. అమల ఆ చేతినే చూస్తోంది, కళ్ళార్పకుండా. తగిలితే ఏమైనా తెలుస్తుందేమో అన్నట్టు చూస్తోంది.

“విజయా.”

ఫోనులోంచి ఆనందమ్మ గొంతు. అరుపు లేదు, ఏడుపు లేదు. చాలా దగ్గరగా వినబడింది, గదిలోనే ఒక మూల కూర్చుని ఉన్నట్టు.

“చెయ్యి దించు. నువ్వు ఎత్తినావని నాకు తెల్సు. పాపా, నువ్వు యాడ నేర్చినావే ఇన్ని అబద్ధాలు?”

“అబద్ధం కాదుమా.”

“ఆ పిల్లోడు వచ్చిన పొద్దు మీ నాయనతో పాటు నేనూ గట్టు మీదనే ఉంటి. ఆ మాట వాడు మీకు చెప్పుండడు. చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా.”

అమల మునిప్రసాద్ వైపు చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

“మీ నాయన ఇయ్యననే అన్నాడు,” అంది ఆనందమ్మ. “ఏనుగులు దిగే కాలం, పెట్టె లేకుంటే ఎట్ల అన్నాడు. పాప గెలవాల, పెట్టె రాకముందు ఈడ బతకలేదా, రెండు రేత్రులు మంచె మీద పండుకుంటే నీ సొమ్మేం పోతాది అని ఎగదోసి ఇప్పిచ్చింది నేను.”

విజయ్ కుమార్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఇంత దూరం వచ్చినవాడికి ఇప్పుడు ఎవరిని కొట్టాలో తెలియలేదు. అతని బొటనవేలు ఫోను కట్ చెయ్యడానికి దాని మీదికి జరిగింది.

“ఫోను పెట్టొద్దు విజయా,” అంది ఆనందమ్మ అవతల నుంచి. “ఆ రేత్రి మీ నాయన మంచె ఎందుకు దిగినాడో మీరింకా ఇనలేదు.”